కర్ర వెనక బండి

మల్లెమొగ్గకు ధర ఉంది. మల్లెపువ్వుకు లేదు. పూల వ్యాపారంలో ఇన్నేళ్ళుగా నేను నేర్చుకున్నది ఈ రెండు ముక్కలే. నలుగురూ మెచ్చుకునే పరిమళం మా లెక్కలో నష్టం. మొగ్గ మొగ్గగా ఉన్నంతసేపు వాసన వెయ్యదు. వాసన వేసిందంటే విచ్చుకుంటోందని అర్థం. విచ్చుకున్నదాన్ని మాల కట్టేవాళ్ళు ముట్టుకోరు. అందుకని లంకల్లో కోసిన మొగ్గను మంచుపెట్టెల్లో సర్ది, నిద్రపుచ్చి, తెల్లవారేలోగా నగరంలో పూల మార్కెట్టుకు చేర్చాలి. మంచు ఉన్నంతవరకే దాని నిద్ర. ఆ నిద్రకు కాపలా కాయడమే నా వ్యాపారం.

ఇలా ఉండగా మా జిల్లాకు చురుకుదనం వచ్చింది.

కూర్చుని పనిచేసేవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందని పైన ఎవరో పెద్దలు ఒక సభలో సెలవిచ్చారట. ఆ మాట కిందికి దిగి దిగి మా దాకా వచ్చేసరికి ఉత్తర్వు అయింది. కూర్చుని పనిచేసేవాళ్ళంతా కూర్చుని ఆలోచించి జిల్లా చురుకుదనం సంస్థ అని ఒకటి స్థాపించారు. దానికి ఒక భవనం, భవనం నిండా కుర్చీలు, ఆ కుర్చీలన్నిటికీ పెద్దగా విశ్వపతిగారనే ప్రత్యేక పర్యవేక్షణాధికారి వచ్చారు. ఏటిగట్టు మీద రాత్రంతా సాగే జట్టు పరుగు పెట్టాలని ఆయన నిర్ణయించారు. లంక చివర మొదలుపెట్టి, నగరానికి ఏరు ఇవతల ఉన్న పట్నంలో మైదానం దాకా పరుగు. దారిలో కాలవలకు నీళ్ళు వదిలే ప్రతి లాకు దగ్గరా మనిషి మారాలి. ఒకరి చేతిలో కర్ర మరొకరు అందుకుని పరిగెత్తాలి. పగలు ఎండ, పైగా ఆఫీసు పని, అందుకని రాత్రి.

మొదటి ఏడాది పరుగు బాగానే జరిగింది. ఒక్క లోపం. ఒక లాకు దగ్గర సంస్థవారి కర్ర చేతులు మారుతూ కాలవలో పడిపోయింది. కర్ర ప్రభుత్వ ఆస్తి. ఎవరి చేతిలో ఉండగా పడిందో తేల్చి, వారి జీతంలో కొయ్యమని ఆడిట్‌వాళ్ళు రాశారు. విచారణ జరిగింది. పడిన క్షణంలో కర్ర ఇద్దరి చేతుల్లోనూ ఉందని తేలింది. ఇద్దరి చేతుల్లో ఉన్న ఆస్తికి ప్రభుత్వంలో లెక్క లేదు.

రెండో ఏడాది పరుగుకు వారం ముందు వర్తకులందరినీ పిలిచి విశ్వపతిగారు కొత్త నిబంధనలు వినిపించారు.

"ఈ సంవత్సరమునుండి కర్ర మార్పిడిని చార్జి అప్పగింతగా పరిగణించడమైనది. ఏ సమయమునందునూ కర్ర ఇద్దరి చేతులలో ఉండరాదు. చార్జి ఇచ్చువారు దానిని బల్లపై ఉంచవలెను. పరిశీలన పూర్తియైన పిమ్మట చార్జి తీసుకొనువారు స్వీకరించవలెను. తగిన హోదా గలవారు స్వీకరించనంతవరకు, ఇచ్చువారు విధినుండి విముక్తులు కారు."

"మరి మా బళ్ళ సంగతేటండి?" అని అడిగాను. నా షెడ్డు లంకలో ఉంది. గట్టు తప్ప నాకు వేరే దారి లేదు.

"రోడ్డు మూయబడదు. రోడ్డు తెరిచియే యుండును. వాహనములు మాత్రమే నిలుపుదల చేయబడును. సంస్థవారి కర్రకు ముందు ఏ వాహనమునూ పోరాదు. వెనుక ఏ వాహనమైననూ పోవచ్చును. కర్ర ఎక్కడ ఉన్నదో పోటీ అక్కడ ఉన్నట్లు."

నా పక్కన గుబ్బల త్రిమూర్తులు కూర్చున్నాడు. అతనిదీ పూల వ్యాపారమే. నాకు పోటీ. అతని గోడౌను హైవే పక్కన.

"మీకే ఇబ్బందండి భద్రయ్యగారూ. నాకు గట్టుతో పనేటుంది?" అన్నాడు నవ్వుతూ. తర్వాత నా చెవి దగ్గరకు వంగి, "పైడిరాజు నిన్న ఫోను చేసేడండి నాకు" అన్నాడు.

పైడిరాజు నగరంలో నా సరుకు దించుకునే వ్యాపారి. రెండుసార్లు మొగ్గ ఆలస్యంగా వెళ్ళింది. మూడోసారి వెళితే మర్నాటినుంచి త్రిమూర్తులు దగ్గర కొంటానని నాకూ చెప్పాడు. పైడిరాజు పోతే నా వ్యాపారంలో మిగిలేది షెడ్డూ దాని రేకులూ. లంకలో నన్ను నమ్మి తోటలు వేసినవాళ్ళు నన్ను వదిలి త్రిమూర్తులు గుమ్మం ఎక్కుతారు. వాళ్ళ తప్పు లేదు, నేనయినా అంతే చేస్తాను.

సభ అయ్యాక విశ్వపతిగారు నన్ను ఆపి, అతిథులకు దండలు కావాలన్నారు. బిల్లు పెట్టవచ్చునా అని అడిగాను. ఆయన స్వాగత ఉపసంఘంలో నన్ను సభ్యుణ్ణి చేస్తున్నట్టు ప్రకటించారు. ఆహ్వానపత్రికలో పేరు కూడా వేశారు. ఊరికే ఇచ్చిన వస్తువు ఏదో ఒకరోజు తిరిగి వచ్చి తలుపు తడుతుంది. ఆ సంగతి తెలిసీ ఇచ్చాను.

*

పరుగు రోజు సాయంత్రం మామూలు కంటే ఎక్కువ మంచు వేయించి బండిని గట్టెక్కించాను. నా డ్రైవరు నూకరాజు తోలుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. కుర్రవాళ్ళు పరిగెత్తుతారు, వెనక మనం మెల్లగా పోతాం, కాస్త ఆలస్యమైనా తెల్లారేసరికి చేరతాం అని నా అంచనా.

కాలేజీ జట్టు, పోలీసు జట్టు, బ్యాంకు జట్టు వచ్చాయి. వాళ్ళ కర్రలు వాళ్ళు కొనుక్కున్నవి. అందరికంటే ముందు సంస్థవారి కుర్రాడు చిట్టిబాబు పరిగెత్తాడు. జూనియర్ అసిస్టెంటు. లేడిపిల్లలా పోయాడు. వెనక పోలీసు జీపు, విశ్వపతిగారి కారు, అంబులెన్సు, ఆ వెనక నా బండి. మొదటి లాకు దగ్గరకు అన్ని జట్ల కంటే ముందు చేరాం. నా మనసు కుదుటపడింది.

లాకు దగ్గర ఒక బల్ల, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ. చిట్టిబాబు ఆయాసపడుతూ కర్రను గుడ్డ మీద పెట్టాడు. చార్జి తీసుకోవలసిన సుందరరామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని బల్ల చుట్టూ తిరిగి కర్రను చూశారు.

"ఇక్కడ గీత ఉంది" అన్నారు.

"నేను పుచ్చుకున్నప్పుడే ఉందండి సార్" అన్నాడు చిట్టిబాబు.

"ఉన్నట్టు నాకెలా తెలుస్తుంది? రేపు నా మీదికొస్తే?"

గీత పొడుగు కొలవడానికి స్కేలు కావలసి వచ్చింది. స్కేలు ఆఫీసులో ఉంది. ఆఫీసు పట్నంలో ఉంది. పట్నంనుంచి స్కేలు తేవాలంటే వాహనం కర్రకు ఎదురు రావాలి. ఎదురు వచ్చేది ముందున్నట్టా, వెనకున్నట్టా అని చర్చ జరిగింది. ఈలోగా కాలేజీవాళ్ళు వచ్చి, కర్ర చేతులు మార్చి, వెళ్ళిపోయారు. తర్వాత పోలీసులు. తర్వాత బ్యాంకువాళ్ళు. ఆ తర్వాత, పేరు నమోదు చేసుకోకపోయినా ఉత్సాహం కొద్దీ వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళు.

చివరికి అంబులెన్సులో ఉన్న అమ్మాయి పిల్లల ఎత్తు కొలిచే టేపు ఇచ్చింది. గీత కొలిచారు. సుందరరామయ్యగారు కర్ర అందుకుని, నడుం సవరించుకుని, పరుగు అని తాము అనుకున్నది మొదలుపెట్టారు.

"షావుకారుగారండీ, మనిసి నడిత్తే ఇంతకంటే జోరుగా పోతాడండి" అన్నాడు నూకరాజు.

"ఊరుకోరా. ఆయన ఆయుష్షు పెంచుకుంటున్నాడు."

రెండో లాకు చేరేసరికి బండి కిందనుంచి నీళ్ళు కారడం మొదలైంది. నూకరాజు దిగి చూసి వచ్చాడు. చల్లటి నీళ్ళతో తడిసిన చెయ్యి నాకు చూపించాడు. నాకు సంగతి అర్థమైంది.

అక్కడ చార్జి తీసుకోవలసినవారు దైవప్రసాదుగారు. మంచి వయసు. కొత్త బూట్లు. తాళ్ళు బిగిస్తుండగా విశ్వపతిగారి ఫోను మోగింది. ఆయన మాట్లాడి, చిరునవ్వుతో దైవప్రసాదుగారి చెయ్యి పట్టుకుని ఊపారు.

"అభినందనలు. మీ పదోన్నతి ఉత్తర్వులు వెలువడినవి. ఈ క్షణమునుండి మీరు పర్యవేక్షకులు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. దైవప్రసాదుగారు కళ్ళు తుడుచుకుని ఇంటికి ఫోను చేశారు. తర్వాత బూట్లు విప్పేశారు.

"అదేటండి, పరిగెత్తరా?" అన్నాను.

విశ్వపతిగారు నాకు ఓపికగా వివరించారు. ఈ లాకునుంచి పరిగెత్తవలసిన ఉద్యోగం సహాయకుడిది. పర్యవేక్షకుడు సహాయకుడి చార్జి తీసుకోవడం హోదాకు భంగం. సుందరరామయ్యగారు ఈ లాకు దాటి పరిగెత్తడం పరిధిని అతిక్రమించడం. కనుక ప్రస్తుతం ఈ పదవి ఖాళీ. ఖాళీ భర్తీ అయ్యేవరకు కర్ర బల్ల మీద ఉంటుంది.

"భర్తీ ఎప్పుడవుతుందండి?"

"నోటిఫికేషను ఇవ్వవలసియున్నది."

అప్పుడు గాలి తిరిగింది. నా బండి మీదుగా వచ్చి బల్ల దగ్గర అందరికీ తగిలింది. విశ్వపతిగారు కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు.

"ఆహా, ఎంత సువాసన. మల్లెలు కదూ. ఈ రాత్రికి మీరే అందం తెచ్చారు భద్రయ్యగారూ."

నాకు మాత్రం పైడిరాజు గొంతు వినిపించింది. నిజంగానే వినిపించింది, ఫోను మోగింది.

"ఎక్కడున్నారండి?" అన్నాడు.

"గట్టు మీద."

"ఇంకానా? సూడండి భద్రయ్యగారూ, మొగ్గలయితే దించుకుంటానండి. పూలయితే బండి తిప్పుకెల్లిపోండి. త్రిమూర్తులుగారి బళ్ళు హైవేలో బయల్దేరేయంట."

ఫోను పెట్టేసి బల్ల దగ్గరకు వెళ్ళాను. "ఏవండీ, ఎవరినయినా ఇన్‌చార్జిగా పెట్టకూడదా? ఆఫీసుల్లో పెడతారు కదండీ?"

విశ్వపతిగారి ముఖం వెలిగింది. అది ఆయనకు తెలిసిన భాష. కాని మనిషి దొరకాలి. జీపులోవాళ్ళు వేరే శాఖ. అంబులెన్సువాళ్ళు కాంట్రాక్టు. చిట్టిబాబు వెనక కారులో నిద్రపోతున్నాడు, ఆ కుర్రాడి పరిధి మొదటి లాకుతో సరి. విశ్వపతిగారు తమ హోదా రీత్యా తమను తామే లెక్కలోకి తీసుకోలేదు.

"సంస్థ జాబితాలో పేరున్న వ్యక్తి కావలెను. ప్రభుత్వమునకు బకాయి ఉండరాదు. ఇక్కడ హాజరై ఉండవలెను" అంటూ ఆయన ఆహ్వానపత్రిక తిరగేశారు. తిరగేసి, నావైపు చూశారు. "స్వాగత ఉపసంఘ సభ్యులు."

నా లెక్క నేను వేసుకున్నాను. నా వయసు, నా మోకాళ్ళు ఒక పక్క. కరిగే మంచు ఒక పక్క. మోకాళ్ళు ఇంకొన్నాళ్ళు పనిచేస్తాయి. మంచు చెయ్యదు.

"ఇలా ఇవ్వండి" అన్నాను.

"ఇవ్వరాదు. బల్లపై ఉంది. మీరే స్వీకరించవలెను."

స్వీకరించాను. గీత ఉన్నట్టు ఒప్పుకున్నాను. గీత లేకపోయినా ఒప్పుకుందును.

*

చెప్పులు బండిలో పడేసి, పంచె ఎగ్గట్టి బయల్దేరాను. పరుగు నాకు రాదు. కాని ముఖం చాటేసే బేరగాడిని సంతలో వెంటాడే నడక వచ్చు. అదే నడిచాను. మొదట పక్కలో పోటు వచ్చింది. తర్వాత అది పోయి రెండో పక్కకు వచ్చింది. వెనక జీపు, కారు, అంబులెన్సు, నా బండి. నూకరాజు కిటికీలోంచి తల పెట్టి, "బాగా ఎల్తన్నారండి షావుకారుగారూ, అలాగే పోనీండి" అని ఎద్దును అదిలించినట్టు అదిలిస్తున్నాడు.

తర్వాతి లాకు దగ్గర పద్మలతగారు సిద్ధంగా ఉన్నారు. పొద్దుటే లేచి పరిగెత్తే అలవాటున్న మనిషి, చూడగానే తెలుస్తుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కర్ర బల్ల మీద పెట్టబోయాను.

"ఆగండాగండి" అందావిడ. "తమరు ఉద్యోగస్తులేనాండి?"

"కాదమ్మా. పూల వ్యాపారం."

ఆవిడ విశ్వపతిగారి వైపు తిరిగింది. "సార్, నేను పర్మనెంటు. ప్రైవేటు మనిషి దగ్గర చార్జి తీసుకుంటే రేపు నా సర్వీసులో రాస్తారు. ఉత్తర్వు ఇప్పించండి, ఇప్పుడే పరిగెడతాను."

"ఉత్తర్వు ఇచ్చు అధికారి నిద్రించుచున్నారు" అన్నారు విశ్వపతిగారు. "భద్రయ్యగారూ, మీరు కొనసాగవలసియున్నది."

పద్మలతగారు జాలిపడి మజ్జిగ పాకెట్టు ఇచ్చారు. అది తాగుతూ నడుస్తుంటే నాకు మొదటిసారిగా ఈ వ్యవహారంలో లాభం కనిపించింది. పరుగులో కాలం పోతున్నది పరిగెత్తడంలో కాదు, మనిషి మారడంలో. నా దగ్గర చార్జి తీసుకునే హోదా గలవాడు ఈ గట్టు మీద ఎవడూ లేడు. మనిషి మారకపోతే ఆగే పని లేదు.

అక్కడినుంచి లాకులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ప్రతి లాకు దగ్గరా ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్ల, బల్ల వెనక బూట్లు కట్టుకున్న మనిషి. నేను దగ్గరకు రాగానే అందరూ ఒకే ప్రశ్న వేశారు. ఒకే జవాబు విని, ఒక్కలాగే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఒకాయన దూరంనుంచే, "నాకు సెలవు మంజూరైంది" అని కేకేశాడు. బ్యాంకుజట్టువాళ్ళు ఒక లాకు దగ్గర కాళ్ళు పట్టేసి కూర్చుని ఉంటే వాళ్ళను దాటిపోయాను. అరవై దాటిన మనిషి, పంచెకట్టు, వట్టి కాళ్ళు. వాళ్ళ ముఖాల్లో కనిపించిన సిగ్గు నాకు మజ్జిగ కంటే ఎక్కువ బలం ఇచ్చింది.

వాసన మాత్రం పెరుగుతూనే ఉంది.

*

తెలతెలవారుతుండగా మైదానం చేరాం. వేదిక, బాజాలు, నా ఖర్చుతో కట్టిన దండలు. ముఖ్య అతిథి లేచి నిలబడి, నవ్వుతూ, కర్ర అందుకోవడానికి రెండు చేతులూ చాచారు. ఆయన కార్యదర్శి ముందుకు వంగి చెవిలో ఏదో అన్నారు. ముఖ్య అతిథి రెండు చేతులనూ అలాగే దగ్గరికి తెచ్చి నాకు నమస్కారం పెట్టారు.

"అయ్యగారు ముట్టుకుంటే చార్జి తీసుకున్నట్టవుతుంది" అని కార్యదర్శి విశ్వపతిగారితో నెమ్మదిగా అన్నారు. "అయ్యగారు సహాయకుడి చార్జిలో ఉన్నట్టు రేపు పేపర్లో రాస్తారు."

బాజాలు ఆగిపోయాయి. కర్ర పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

"అయితే నన్నెవరు రిలీవ్ చేస్తారండి?" అన్నాను.

"తగిన ఉత్తర్వులు వచ్చువరకు చార్జి మీయందే ఉండును" అన్నారు విశ్వపతిగారు. రాత్రంతా నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"వచ్చేదాకా నేను ఆగాలా, పరిగెత్తాలా?"

ఆయన నిబంధనల కాగితాలు తిరగేశారు. తప్పు చెప్పకూడదనే భయం ఉన్న మనిషి. "మీ విధి పరుగు. ఆగుట విధి నిర్లక్ష్యమగును."

"ఎటు పరిగెత్తాలి?"

"దిశ నిబంధనలలో లేదు."

మైదానానికి రెండు ద్వారాలు ఉన్నాయి. ఒకటి మేము వచ్చినది. రెండోది వంతెన వైపు తెరుచుకుంటుంది. వంతెన అవతల నగరం, నగరం మొదట్లోనే పూల మార్కెట్టు. నేను ముఖ్య అతిథికి తిరిగి నమస్కారం పెట్టి, రెండో ద్వారంలోంచి బయటికి నడిచాను. కర్ర ఎక్కడుంటే పోటీ అక్కడే కనుక జీపు హారను కొట్టి నా ముందుకు వచ్చింది. జీపు పోటీలో భాగమే కాని వాహనం కాదని రాత్రే తేల్చారు. వెనక కారు, అంబులెన్సు, నా బండి.

హైవే వచ్చి వంతెనలో కలిసేచోట జీపు అడ్డంగా నిలిచి, అన్నిటినీ ఆపేసింది. బస్సులు, పాలవ్యాన్లు, వాటి వెనక వరసగా త్రిమూర్తులు బళ్ళు. తెల్లారకముందే చేరవలసినవి, దారిలో ఒక బండి చక్రం మారుస్తుంటే మిగతావీ ఆగి, అప్పుడే వచ్చాయి. త్రిమూర్తులు ముందు బండిలోంచి తల బయటికి పెట్టాడు.

"ఏటండి భద్రయ్యగారూ ఇది? బళ్ళాపేరేటి? మొగ్గ పాడైపోద్దండి."

"ప్రభుత్వ పని త్రిమూర్తులుగారూ" అన్నాను. "మీకే ఇబ్బంది."

వంతెన పొడుగునా నేను తొందరపడలేదు. ఏటి మీద గాలి బాగుంది. కర్ర ముందు ఏ వాహనమూ లేదు, వెనక వచ్చే సరుకు బళ్ళలో నాదే మొదటిది. అంత నెమ్మదిగా నేను ఎప్పుడూ మార్కెట్టుకు వెళ్ళలేదు.

మార్కెట్టులో అరుగులన్నీ ఖాళీగా ఉన్నాయి. మాల కట్టేవాళ్ళు దారం ముందు పెట్టుకుని వీధివైపు చూస్తున్నారు. ఆవేళ పెద్ద ముహూర్తం. పైడిరాజు జీపును చూసి లేచి, నన్ను చూసి కూర్చుని, మళ్ళీ లేచాడు. నూకరాజు పెట్టె దించి మూత తీశాడు. సగం మొగ్గ, సగం పువ్వు. వాసన అరుగు మీదినుంచి వీధిలోకి పొంగింది.

"వాసనొత్తందేటండి భద్రయ్యగారూ" అన్నాడు పైడిరాజు.

"వస్తోంది" అన్నాను. "వేరే బండి ఏదయినా వచ్చిందా?"

పైడిరాజు వీధి చివరిదాకా చూశాడు. అక్కడ నా బండి లోపలికి వచ్చాక అంబులెన్సు అడ్డంగా ఆగి ఉంది, దాని వెనక బస్సులూ పాలవ్యాన్లూ. మాల కట్టేవాళ్ళలో ఒకావిడ వచ్చి గుప్పెడు పూలు తీసుకుని చూసి, "ఏం చేత్తాం, ఇయ్యే ఇయ్యండి" అంది. పైడిరాజు కాటా తెమ్మన్నాడు. ధర నేను చెప్పాను. అతను రేపటి సరుకు గురించి కూడా నాతోనే మాట్లాడాడు.

తూకం అయ్యేసరికి విశ్వపతిగారు కారు దిగి వచ్చారు. నిలబడే నిద్రపోతున్నారు. "ఇక్కడితో... ఇక్కడితో ముగించెదమా భద్రయ్యగారూ?"

"సంతోషం. పుచ్చుకోండి" అని కర్ర చాచాను.

ఆయన కర్ర వైపు చూశారు. దాని మీది గీత వైపు చూశారు. రెండు చేతులూ మెల్లగా వెనక్కి పెట్టుకున్నారు.

నేను కర్రను బండిలో ఖాళీ పెట్టెల మీద పెట్టి బండెక్కబోతుంటే జీపు డ్రైవరు వచ్చి పక్కన నిలబడ్డాడు. టీ గ్లాసు నాకు అందించి, మర్యాదగా అడిగాడు.

"మళ్ళీ సాయంత్రం లోడుకి ఎన్నింటికి రమ్మంటారండి?"